వీడియో తీసే పిల్లలతో మన సోపతి

(జగిత్యాల జిల్లా మామిడి రైతు ఉత్పత్తిదారుల సంఘాల డైరెక్టర్లకు జరిగిన శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన కాగితం మీద 'సామాజిక మాధ్యమాల ద్వారా మార్కెటింగ్' అని రాసి ఉంది. అంత పెద్ద మాట మనకెందుకు? పట్నంలో పండు తినేవాళ్లకు మన పండు నేరుగా అమ్ముకోవాలంటే యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియోలు పెట్టే పిల్లలతో మనకు పని పడుతోంది. వాళ్లను ఎట్లా పిలవాలి, ఏమివ్వాలి, ఏమివ్వకూడదు అన్నదే ఇవాళ నేను మాట్లాడేది.

చల్‌గల్ మార్కెట్‌కు కాయ తోలే మనకు చెప్పక్కర్లేదు. బండి దించేదాకా ధర తెలియదు, దించినంక ధర మన చేతిలో ఉండదు. అడ్తి కమీషను, తరుగు, హమాలీ పోను ఎంత మిగిలిందో చిట్టీ చూస్తేనే తెలుస్తుంది. సగం మంది ఆ బాధ కూడా పడలేక పూత మీదనే తోట గుత్తకిచ్చి చేతులు దులుపుకుంటున్నాం. హైదరాబాదుకు పంపినా అదే కథ. గడ్డిఅన్నారం మార్కెట్ బాటసింగారానికి మారింది గానీ మన చిట్టీ మారలేదు. అందుకే మన సంఘాలు 5 కిలోల అట్టపెట్టెలు పెట్టి, ఆర్టీసీ కార్గోలో ఇళ్లకు పంపడం మొదలుపెట్టాయి. బాగానే ఉంది. కానీ కూకట్‌పల్లిలోనో ఎల్బీనగర్‌లోనో అపార్ట్‌మెంట్‌లో ఉండే అమ్మకు మనమెవరో తెలియదు కదా! ముఖం తెలియని మనిషికి ముందుగా ఫోన్‌పే ఎందుకు కొడుతుంది? ఆమెకు తెలిసిన మనిషి ఎవరన్నా 'నేను పోయి చూసొచ్చిన' అని చెబితే కొడుతుంది. ఆ తెలిసిన మనిషి ఇప్పుడు ఫోన్లో ఉన్నాడు.

దీని బలమేందో మన జిల్లా వాళ్లకు ఇంకెవరో చెప్పాల్సిన పని లేదు. మల్యాల మండలం లంబాడిపల్లె మన పక్క ఊరే. 2012లో అక్కడి పిల్లలు 'మై విలేజ్ షో' మొదలుపెట్టినప్పుడు ఎంతమంది నవ్వలేదు? పొలం పనికి పోయే గంగవ్వ, ఇవాళ తెలుగువాళ్లు ఉన్న ప్రతి దేశంలో తెలుసు. ఆమె మాట ఎందుకు అంత దూరం పోయింది? మేకప్ వేసుకుని మాట్లాడలేదు. ఇంటి ముందు ఎట్లా మాట్లాడుతుందో కెమెరా ముందు అట్లనే మాట్లాడింది. జనం దాన్ని నమ్మారు. మనం కూడా ఆ నమ్మకం మీదనే పండు అమ్ముకోవాలనుకుంటున్నాం. కనుక దాన్ని పాడు చేసే పని ఏదీ మన చేతుల మీదుగా జరగొద్దు.

ఇక ఎవరిని పిలవాలి? మన డైరెక్టర్లు నాకు తెచ్చే పేర్లన్నీ వ్యవసాయం చానళ్లవే. 'అన్నా, వాళ్లకు లక్షల మంది ఉన్నరు, వాళ్లతో ఒక్క వీడియో తీయిస్తే చాలు' అంటారు. నేను ఒక్కటే అడుగుతాను. ఆ లక్షల మంది ఎవరు? మనలాంటి రైతులే. కోరుట్ల రైతు చూస్తాడు, కొల్లాపూర్ రైతు చూస్తాడు, నూజివీడు రైతు చూస్తాడు. వాళ్ల ఇంట్లోనే మామిడి పండు కుప్ప పోసి ఉంటే మన పెట్టె ఎందుకు కొంటారు? వాళ్లు మనకు ఫోన్ చేసేది 'కవర్లు ఎక్కడ తెచ్చారు, ఏ మందు కొట్టారు' అని అడగడానికి. అదీ మంచిదే, కానీ పెట్టె కదలదు. నర్సరీ పెట్టి అంట్లు అమ్మేవాళ్లు వ్యవసాయ చానళ్ల దగ్గరికి పోవాలి. పండు అమ్మేవాళ్లు వంటలు చేసే చానళ్లు, మిద్దె తోటల వాళ్లు, పిల్లల తిండి గురించి మాట్లాడే తల్లులు, కాలనీ సంగతులు చెప్పే పిల్లలు, వీళ్ల దగ్గరికి పోవాలి. 5 వేల మంది చూసే మిద్దె తోట ఆమె, 5 లక్షల మంది చూసే ట్రాక్టర్ల చానల్ కంటే మనకు ఎక్కువ పెట్టెలు అమ్మిపెడుతుంది. ఎందుకంటే ఆ 5 వేల మందీ కొని తినేవాళ్లు.

ఎప్పుడు పిలవాలన్నది ఇంకా ముఖ్యం. మనం ఏప్రిల్‌లో కాయ కోతకు వచ్చినంక గాబరాగా ఫోన్లు కొడతాం. అప్పటికి ఆ పిల్లలకు పది తోటల వాళ్లు ఫోన్ చేసి ఉంటారు. ముఖం తెలియని వాడు పని పడ్డప్పుడే గుర్తొచ్చి 'తమ్మీ, మా పండు గురించి చెప్పు' అంటే ఎవడు చెబుతాడు? చెప్పినా పైసలకే చెబుతాడు. పూత నాడు పిలవండి. డిసెంబరు, జనవరిలో తోట చూపించండి. తేనెమంచు పురుగు ఎట్లా ఉంటుందో, అది పడితే ఆకుల మీద మసి ఎట్లా పడుతుందో చూపించండి. పిందె రాలుతున్నప్పుడు రమ్మనండి, కాయ కోడిగుడ్డంత అయినప్పుడు కవర్లు కట్టే ఆడవాళ్ల మధ్యకు రమ్మనండి. తొడిమతో కోసి సొన కార్చేది చూపించండి. నాలుగు సార్లు వచ్చిన పిల్లవాడు మే నెలలో పండు గురించి మాట్లాడితే అతని మాటలో తోట వాసన ఉంటుంది. అతన్ని పిలిచే ముందు అతని వీడియోలు నాలుగన్నా చూడండి. మీ పిల్లలకు చెబితే ఫోన్లో పెట్టిస్తారు. మనం అతన్ని చూడకుండా అతను మనల్ని చూడాలంటే ఎట్లా?

వచ్చినప్పుడు అన్నం పెట్టండి, బస్సు ఖర్చులివ్వండి. కానీ 'ఇది చెప్పు, అది చెప్పకు' అనకండి. మన పక్క మండలం సంఘం తోటకు పట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కవరు కట్టని చెట్టు కాయ ఒకటి తీసి కోసింది. లోపల పండు ఈగ పురుగు. కెమెరా నడుస్తోంది. డైరెక్టర్లకు చెమటలు పట్టాయి, 'అమ్మా, అది తీసెయ్యమ్మా' అన్నారు. ఆమె తీయలేదు. పక్క చెట్టుకు పోయి కవరు కట్టిన కాయ కోసి చూపించింది, శుభ్రంగా ఉంది. 'కవరుకు, అది కట్టే కూలికి అయ్యే ఖర్చు కాబట్టే ఈ పెట్టె రోడ్డు మీది పండు కంటే ఎక్కువ ధర' అని చెప్పింది. ఆ ఏడు ఆ సంఘానికి ధర గురించి బేరమాడిన ఫోన్లు దాదాపు రాలేదు. మనం వంద సార్లు చెప్పినా ఎవరూ వినని మాటను పురుగు ఒక్కసారిలో చెప్పింది. కూలి వాళ్లతో మాట్లాడతానంటే మాట్లాడనివ్వండి. రోజు కూలి ఎంతని అడుగుతారు. చెప్పడానికి మనకు సిగ్గయ్యేంత కూలి ఇస్తుంటే సర్దుకోవాల్సింది కూలినే.

మాటల దగ్గర జాగ్రత్త. మందు కొట్టి 'మందులేని పండు' అనొద్దు. ఎన్నిసార్లు కొట్టాం, ఏం కొట్టాం, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాం, ఇది నోటు బుక్కులో రాసి ఉంచి అదే చూపించండి. పెట్టె మీద సేంద్రియమని, ప్రభుత్వ గుర్తుతో అచ్చు వేయాలంటే ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్ గానీ సర్టిఫికెట్ ఉండాలి, 2017 నుంచి దానికి నిబంధనలున్నాయి. మాగబెట్టడం గురించి తప్పకుండా అడుగుతారు. కార్బైడ్ వాడటం చట్టరీత్యా నిషేధం. ఇథిలీన్ వాయువు 100 పీపీఎం దాకా వాడొచ్చు. మనం వరిగడ్డిలో మాగేస్తే గడ్డి చూపిద్దాం, ఇథిలీన్ గదిలో మాగేస్తే గది తలుపు తెరిచి చూపిద్దాం. ఇథిలీన్ అంటే విషమని పట్నంలో చాలామందికి అనుమానం. అది పండు తనంతట తాను వదిలే వాయువేనని ఆ పిల్లవాడు నేర్చుకుని చెబితే ఆ అనుమానం పోతుంది. దాచిపెడితే పెరుగుతుంది.

పైసల సంగతికొస్తాను. ఇందులో కొందరు మిత్రులకు నాతో పేచీ ఉంది, ఉండనివ్వండి. మెచ్చుకోలుకు పైసలివ్వొద్దని నా మాట. మన పండు పంపుతాం, ఖర్చులిస్తాం, బాగుంటే బాగుందంటాడు, లేకుంటే లేదంటాడు. కాదు, ప్రకటనే కావాలనుకుంటే అది ప్రకటన అని వీడియోలోనే చెప్పించాలి. ఇది నా నీతి ఒక్కటే కాదు. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు తీసుకున్నా, ఉచితంగా వస్తువు తీసుకున్నా, ప్రయాణం, బస ఇప్పించుకున్నా, ఆ సంబంధం చూసేవాళ్లకు తెలిసేట్టు చెప్పాలి. వీడియో తెలుగులో ఉంటే ఆ మాట కూడా తెలుగులోనే చెప్పాలి, కింద ఎక్కడో కనపడని చోట పెడితే కుదరదు. ఉచితంగా పంపిన మామిడి పెట్టె కూడా ఇందులోకే వస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. అది చెప్పిన వాడికే కాదు, చెప్పించిన మనకూ పడుతుంది. ఇంకో చిన్న విషయం, మన అకౌంటెంట్లు రాసుకోండి. ఒకే మనిషికి ఏడాదిలో ఇచ్చే వస్తువులు, సౌకర్యాల విలువ 20,000 రూపాయలు దాటితే 10 శాతం పన్ను పట్టి కట్టాలని 2022 జులై 1 నుంచి నిబంధన ఉంది. మనం అంతదాకా పోం గానీ తెలిసి ఉండటం మంచిది.

కేంద్రం 2020లో 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం పెట్టి ఒక్కో సంఘానికి నిర్వహణ ఖర్చులకు మూడేళ్లలో 18 లక్షల దాకా ఇస్తామంది. ఆ డబ్బు ఉన్న సంఘాల్లో కొందరికి ఖర్చు పెట్టే ఉబలాటం ఎక్కువైంది. మూడేళ్లు అయిపోయినంక సీఈఓ జీతం ఎవరిస్తారో ముందు చూసుకోండి, తర్వాత వీడియోలు.

కొందరు పిల్లలు పైసలు అడగరు, పెట్టెకింత అని కమీషను అడుగుతారు. ఇది తప్పేమీ కాదు, కానీ కాగితం మీద రాసుకోండి. అడ్తిదారుకిచ్చే దానితో పక్కపక్కన పెట్టి చూడండి. రెండు మూడేళ్లు పోయాక మన పండుకు తన పేరు అచ్చు వేసి అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు కూడా వస్తున్నారు. అప్పుడు అతను వీడియో తీసే పిల్లవాడు కాదు, కొత్త అడ్తిదారు. కొనేవాళ్ల ఫోన్ నంబర్ల పుస్తకం ఎవరి దగ్గర ఉందన్నదే అసలు ప్రశ్న. ఆ పుస్తకం సంఘం దగ్గరే ఉండాలి.

వీడియో ఆడకపోతే మనకు పోయేదేమీ లేదు. ఆడితేనే తంటా. నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. ఒక ఆదివారం వీడియో పెడతారు. సోమవారం పొద్దునకు మూడు, నాలుగు వందల ఫోన్లు. మన దగ్గర మాగింది 60 పెట్టెలు. అప్పుడు ఎవరో ఒక డైరెక్టరు మెల్లగా అంటాడు: 'మార్కెట్ల కాయ ఉంది కదా, తెచ్చి మన పెట్టెల పెడదాం, ఎవరికి తెలుస్తది?' మార్కెట్ కాయ ఏ తోటదో, ఏం కొట్టిన కాయో, ఏమేసి మాగబెట్టారో మనకు తెలియదు. దాన్ని మన పెట్టెలో పెట్టి మన పేరుతో పంపితే ఇందాకటి నోటు బుక్కు, కవర్లు, గడ్డి అన్నీ అబద్ధమైపోతాయి. పండు పుల్లగా ఉందని ఒక్కరు వీడియో కింద రాస్తే చాలు, దాని కింద వంద మంది రాస్తారు. అందులో పోయేది మన పేరు ఒక్కటే కాదు. ఎండలో నాలుగు సార్లు మన తోటకొచ్చిన ఆ పిల్ల ముఖం పోతుంది. ఆమెకు ఉన్న ఆస్తి ఆ ముఖమే. అందుకని వీడియోలోనే చెప్పించండి: ఈ వారం ఇన్ని పెట్టెలే ఉన్నాయి, ముందు అడిగినవాళ్లకే, మిగతావాళ్లు వచ్చే వారం దాకా ఆగాలి అని. పట్నం వాళ్లు ఆగుతారు. ఆగలేని వాళ్లు మన కొనుగోలుదారులు కారు.

ఫోన్ ఎత్తేది ఎవరన్నది కూడా ముందే తేల్చుకోండి. డైరెక్టరు నంబరు ఇస్తే అతను చెట్టు మీద ఉంటాడు. ఇంటర్ చదివిన పిల్లనో పిల్లవాడినో సీజను మూడు నెలలు జీతానికి పెట్టుకోండి. పెట్టెలో రెండు పండ్లు చెడితే ఫొటో పెట్టమని అడిగి ఆ డబ్బు ఆ రోజే వాపసు వేయండి. వాదన పెట్టుకోవద్దు. కింద తిట్టు రాసిన వాళ్లకు మర్యాదగా జవాబు రాయండి, దాన్ని తీసేయించమని వీడియో పెట్టినవాళ్లను అడగొద్దు.

ఇప్పుడు నాణేనికి రెండో పక్క. మనం ఈ వీడియోల పని నేర్చుకోకముందే మనకు అమ్మేవాళ్లు నేర్చుకున్నారు. రాత్రి పడుకునే ముందు ఫోన్ తెరిస్తే ఏముంటుంది? 'ఎకరానికి లక్షల ఆదాయం', 'ఒక్క సీసాతో పూత ఆగదు', 'ఈ మొక్క నాటండి, మేమే కొంటాం'. ఆ రైతు ఎవరో, ఎన్నెకరాలో, పంట ఎవరికి అమ్మాడో చెప్పరు. చెప్పే పిల్లవాడికి కంపెనీ ఎంతిచ్చిందో అసలే చెప్పరు.

ఇది కొత్తదేమీ కాదు. ఈము కోళ్లు గుర్తున్నాయా? తమిళనాడులో పెరుందురై దగ్గర కంపెనీ సినిమా నటులతో ప్రకటనలు ఇప్పించింది. పిల్లలు మేమే ఇస్తాం, దాణా మేమే ఇస్తాం, నెలనెలా డబ్బిస్తామంది. 2012లో మూత పడింది. డబ్బు పెట్టినవాళ్లు రోడ్డు మీద పడ్డారు, దాణా లేక పక్షులు చచ్చాయి. మన రాష్ట్రంలోనూ ఈము ఫారాలు పెట్టి నష్టపోయినవాళ్లు ఉన్నారు. అప్పుడు టీవీ, పేపరు. ఇప్పుడు ఫోను.

సీసాల సంగతి చూడండి. పూత నిలుస్తుంది, కాయ సైజు పెరుగుతుంది అని అమ్మే బయోస్టిమ్యులెంట్లు ఏళ్ల తరబడి ఏ లెక్కా పత్రం లేకుండా అమ్ముడుపోయాయి. 2021లో వాటిని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. తాత్కాలిక అనుమతులు 2025 జూన్‌తో ముగిశాయి. ఒకప్పుడు దాదాపు 30 వేల ఉత్పత్తులు ఉండేవని, తర్వాత 8 వేలు చెలామణిలో ఉన్నాయని, తనిఖీలు గట్టి చేశాక సుమారు 650 మిగిలాయని కేంద్ర వ్యవసాయ మంత్రే 2025 జులైలో చెప్పారు. మరి ఆ మిగతా వేల సీసాలు కొన్నదెవరు? మనమే. కొనిపించిందెవరు? దుకాణదారుడు ఒక్కడే కాదు.

అందుకే మెచ్చుకోలు కొనొద్దంటున్నా. పైసలిచ్చి మన పండును పొగిడించుకుంటే, రేపు అదే పిల్లవాడు పైసలు తీసుకుని ఏదో సీసాను పొగిడితే 'ఎందుకట్లా చేశావు తమ్మీ' అని అడిగే నోరు మనకుండదు. మన తోటకు వచ్చి నిజం చెప్పిన పిల్లలను మాత్రం మనం అడగొచ్చు: పంట గురించి వీడియో తీస్తే ఆ రైతు పూర్తి లెక్క అడుగు, అమ్మిన చిట్టీ చూపించమను, ఒక సీజను కాదు మూడు సీజన్లు అడుగు, నష్టపోయిన రైతు దగ్గరికీ పో. మన తోటి రైతులకు మనం చెప్పాల్సింది కూడా ఇంతే. మొక్క అమ్మేవాడే పంట కొంటానంటే, ఇప్పటిదాకా కొన్న పంట ఎక్కడికి పోయిందో చూపించమనండి.

చివరగా, మన సంఘం కార్యకర్తలకు ఒక మాట. ఈ పెట్టెల అమ్మకం చూసి మార్కెట్ పోరాటం అక్కర్లేదని ఎవరన్నా అంటే వినకండి. వడ్లు యూట్యూబ్‌లో అమ్ముడుపోవు. మక్కలు పోవు. మామిడిలో కూడా అన్నీ పోవు. 2025లో చిత్తూరు తోతాపురి రైతులను చూశాం. ఫ్యాక్టరీల ముందు బండ్లు బారులు తీరాయి. ధర పడిపోతే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని నిర్ణయించాల్సి వచ్చింది, అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 సర్కారు ఇవ్వాలి. గుజ్జుకు పోయే ఆ కాయను ఏ వీడియో ఇంటింటికీ అమ్మలేదు. మన చెట్టు మీద మచ్చ లేని, సైజున్న కొంత కాయకు మాత్రమే ఈ దారి. మిగతాదంతా చల్‌గల్‌కే పోతుంది, అక్కడ తరుగు మీద, కమీషను మీద మన కొట్లాట అట్లనే ఉంటుంది. తోటకొచ్చిన పిల్లలను ఒకరోజు ఆ మార్కెట్‌కు కూడా తోలుకపోండి. కాయ దించేది, పాట పాడేది, చిట్టీ రాసేది అంతా తీయనివ్వండి. పట్నం వాళ్లకు అది కూడా తెలియాలె.

పూతకు ఎక్కువ రోజులు లేవు. ప్రతి సంఘం తమ వైపు పండు కొనేవాళ్లు చూసే చానళ్లు నాలుగైదు చూసి, పేర్లు రాసి, డిసెంబరు మొదటి వారంలోపు జిల్లా కమిటీకి ఇవ్వండి. రాసే ముందు వాళ్ల వీడియోలు చూసి ఉండాలి. ఏ రైతు తోట చూపిస్తారో, మందుల నోటు బుక్కు ఎవరు రాస్తున్నారో, ఫోన్ ఎవరు ఎత్తుతారో ఆ కాగితం మీదే రాయండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, నాకు తెలిసింది చెబుతా.